లంకలో తోటకి ఫ్లాట్ బాటమ్ పడవా, పాంటూన్ బోటా?

గౌతమి పాయలో, యానాం దిగువన లంకలో తోట కొన్నామని, కొబ్బరికాయలు ఒడ్డుకు తేవడానికీ ఇంటిల్లిపాదీ వెళ్లిరావడానికీ ఒకటే బోటు కావాలనీ అడిగారు కదండీ. మాకు ఫైబర్ ఫ్లాట్ బాటమ్ పడవ, అంటే అడుగు చదునుగా ఉండేది, ఉంది. మా బావ పాంటూన్ చేయించుకున్నాడు. రెండూ నడిపినవాడిగా ఫ్లాట్ బాటమే తీసుకోమంటాను.

సుఖం మాత్రం పాంటూన్‌దే. రెండు పడవలు జతకట్టి మీద బల్లలు పరిచినట్టుంటుంది, పడవల చోట మూతలేసిన బోలు గొట్టాలు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ పడవలో కాలు పెడితే అది కాస్త ఒరిగేది, ఆవిడ రామా కృష్ణా అనేది. పాంటూన్‌లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని దర్జాగా కూర్చుంది.

ఆ దర్జా కార్తీకమాసం వనభోజనాల దాకానే. పదకొండు మందిమి వెళ్లాం. సాయంత్రం వచ్చి చూస్తే పోటు తీసేసి, రెండు గొట్టాలూ ఒండ్రులో కూర్చున్నాయి. నలుగురం తోసినా కదల్లేదు. మళ్లీ పోటు ఎక్కేసరికి రాత్రి పది దాటింది. మిగిలిన పులిహోర మేం తిన్నాం, మమ్మల్ని దోమలు తిన్నాయి. మా పడవైతే ఇద్దరం దిగి ఈడ్చేసేవాళ్లం. జానెడు నీళ్లున్నా గెడ వేసుకుని వచ్చేయొచ్చు.

తర్వాత ఆ పాంటూన్ ఒక పక్కకి ఒరగడం మొదలైంది. ఒడ్డుకు లాగి, గొట్టంలోకి సైకిల్ పంపుతో గాలి కొట్టి, వెల్డింగుల మీద సబ్బునీళ్లు రాస్తే ఒకచోట బుడగలొచ్చాయి. వెంట్రుకంత చీలిక! గొట్టం లోపల అడ్డుగోడలు పెట్టి విడివిడి గదులుగా చేసి ఉంటే నీళ్లు ఒక గదిలోనే ఆగేవి. చేయించుకుంటే అది మాత్రం అడగండి. గుర్రపుడెక్క కూడా ఆ రెండు గొట్టాల మధ్యే ఇరుక్కుంటుంది, కొడవలి లేకుండా బయల్దేరలేం.

అలాగని ఫ్లాట్ బాటమ్‌కి వంకలు లేవని కాదు. గాలి లేస్తే అడుగు దబదబా కొట్టుకుంటుంది, ముందు కూర్చున్నవాళ్లు తడిసిపోతారు. మామూలుగా కదలకుండా ఉండి నమ్మకం కలిగిస్తుంది గానీ, అంచు నీళ్లను తాకేదాకా ఒరిగిందంటే చెప్పకుండా తిరగబడుతుంది. వెయ్యి కాయలంటే టన్నుకు తగ్గదు. ఆ బరువు ఒక పక్కకి దొర్లితే ఇంక ఆపలేరు. అందుకే మేం మధ్యలో అడ్డ చెక్కలు పెట్టి పోస్తాం. కాయలతో పాటు మనుషుల్ని ఎక్కించం.

కొనేముందు అమావాస్య రోజు, పోటు బాగా తీసేశాక, మీ రేవులో గెడ దింపి చూడండి. మోకాలి లోతు లేకపోతే పాంటూన్ ఆలోచన వదిలేయండి. అప్పుడు కూడా నడుము లోతు ఉండి, పెద్దవాళ్లే ఎక్కువగా వెళ్తారంటే అదే తీసుకోండి, కాయలకి అద్దె పడవ పిలుచుకోవచ్చు. ఏది కొన్నా మనిషికో లైఫ్ జాకెట్ తప్పనిసరి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే బోటును గట్టెక్కించి చెట్టుకి కట్టేయడమేనండి, కాయలు వారం ఆగినా కుళ్లిపోవు.