కరచాలనం దగ్గరే ఆగిపోయావు

చిరంజీవికి,

ఉక్రెయిన్ యుద్ధం మీద నీ వ్యాసం అందింది. వచనం తేటగా ఉంది, సరే. విసుగు పుట్టించింది ఆ ప్యాంగ్యాంగ్ ఘట్టం. 2024 జూన్‌లో పుతిన్, కిమ్ ఒప్పందం చేసుకున్న వైనాన్ని పేజీన్నర వర్ణించావు. జెండాలు, కార్లు, చిరునవ్వులు! ఉత్తర కొరియా మందుగుండు కంటైనర్లు రష్యాకు చేరాయని అమెరికా 2023 అక్టోబరులోనే బయటపెట్టింది కదా. సరుకు ముందు వెళ్లింది, సంతకాలు తర్వాత పడ్డాయి.

ఆ గుండ్లు వెంటనే ఎలా పనికొచ్చాయో అడగవేం? రెండు దేశాలవీ సోవియట్ కొలతలే. ఉత్తర కొరియా 152 మిల్లీమీటర్ల గుండు రష్యా ఫిరంగిలో సరిపోతుంది. ఇరాన్ అయితే లక్ష్యం మీద పడి పేలే షాహెద్ డ్రోన్లతో పాటు తయారీ పద్ధతి కూడా ఇచ్చింది. ఇప్పుడు రష్యా వాటిని అలబుగా అనే తన పారిశ్రామిక ప్రాంతంలో సొంతంగా చేసుకుంటోంది. యుద్ధం గురించి రాసేవాడు ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి వెళ్లాలి. నాకున్న పిచ్చి ఇదొక్కటే.

ఈ పిచ్చి వల్లే చిన్నప్పుడు చివాట్లు తిన్నాను. పేలుడు పదార్థాల కొరత మీద వ్యాసం తీసుకెళ్తే, "యుద్ధం రాయమంటే కెమిస్ట్రీ పాఠం రాశావేంటయ్యా" అని ఓ సంపాదకుడు సగం కొట్టేసి, ఆ జాగాలో నాయకుల ఫొటో వేశాడు. ఆ జాతి ఇంకా అంతరించలేదు. ఇప్పుడు బాణం గుర్తుల మ్యాపులు అడుగుతున్నారు, నువ్వు ఇచ్చేస్తున్నావు.

అవతలి పక్షాన్ని ఒక్క పేరాలో తేల్చేశావు. ఏడాదిలో పది లక్షల గుండ్లు ఇస్తామని యూరప్ 2023 మార్చిలో ఉక్రెయిన్‌కు మాటిచ్చింది. గడువుకు ఇచ్చింది దాదాపు సగం. డబ్బుంటే చాలదు, పేలుడు మందు కావాలి. అమెరికాలో గుండులో నింపే పేలుడు మందు టీఎన్‌టీ తయారీ 1980ల్లోనే ఆగిపోయింది; కెంటకీలో కొత్త ప్లాంటు కాంట్రాక్టు 2024లో గానీ కుదరలేదు. ఏళ్ల తరబడి ఆర్డర్లుంటాయని రాసిస్తే తప్ప కంపెనీలు కొత్త లైను పెట్టవు. యుద్ధం ఆగితే ఆ మిషన్లను ఏం చేసుకోవాలి? ఇంకో సంగతి. గుండును ఫిరంగిలోంచి బయటికి తోసే మందుకు నైట్రోసెల్యులోజ్ అనే రసాయనం కావాలి. దానికి పత్తి గింజల నూగు కావాలి. యూరప్ దాన్ని ఎక్కువగా చైనా నుంచే కొనేది. రష్యాకు లేత్ మిషన్లు, చిప్‌లు అమ్ముతున్నదీ అదే చైనా. నీ వ్యాసం మొదలవ్వాల్సింది ఇక్కడ!

కలం పేరు గురించి, పుస్తకం వేయడం గురించి ఏదో అడిగావు. అవి తర్వాత. ముందు ఆ మ్యాపు తీసెయ్. పత్తి నూగు నుంచి ఫిరంగి దాకా ఒక్క గుండు దారి పట్టుకుని రాసి పంపు.

ఆశీస్సులతో.