ట్యాంకు నింపితే ఎంత దూరం?

(విమానాల గురించి పాఠకుల సందేహాలకు బెంగళూరు విమానపురలో ఉంటున్న ఒక రిటైర్డ్ హ్యాంగర్ టెక్నీషియన్ జవాబులు)

ప్రశ్న: మా అబ్బాయికి పాత జర్మన్ విమానాల పిచ్చి. 1938లో కాండర్ బెర్లిన్ నుంచి న్యూయార్క్‌కు ఆగకుండా ఎగిరిందని ఒక పుస్తకంలో ఉంది. ఇంకో పుస్తకంలో దాని రేంజ్ అందులో సగం కూడా లేదు. ఏది నమ్మాలి?
– ఒక తల్లి, మారతహళ్లి

జవాబు: రెండూ నమ్మండమ్మా. కాండర్ 26 మంది ప్రయాణికుల కోసం కట్టిన విమానం. ఆ ఆగస్టులో న్యూయార్క్ వెళ్లినప్పుడు మాత్రం అందులో ఉన్నది నలుగురు సిబ్బందే. జనం కూర్చునే చోట అదనపు ట్యాంకులు పెట్టారు. విమాన పెట్రోల్ లీటరు సుమారు 720 గ్రాములు. మనిషి, సామాను కలిపి 90 కిలోలనుకుందాం. ఒక ప్రయాణికుణ్ణి దించితే 125 లీటర్లు ఎక్కించుకోవచ్చు. 26 మందికి ఎంతో మీవాడినే లెక్క కట్టమనండి.

ఇక గాలి సంగతి. దూరం దాదాపు 6,400 కిలోమీటర్లు. వెళ్లడానికి ఇంచుమించు 25 గంటలు పట్టింది, తిరిగి రావడానికి 20 చాలాయి. అట్లాంటిక్ మీద గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది మరి.

నాకిది స్కూటర్ నేర్పింది. ఒక ఆషాఢంలో మా ఆవిడ, ముందు బియ్యం మూట, ఎదురుగాలి... హిందూపురం బయల్దేరాం. రోజూ ఆఫీసుకెళ్లే మైలేజీ లెక్కతో పెట్రోల్ పోయించాను. గౌరిబిదనూరు దాటగానే బండి ఆగింది. పక్కకు వంచి, ఊపి, మళ్లీ కిక్కు కొడితే ఒక ఫర్లాంగు నడిచింది. మిగతాది తోసుకుంటూ వెళ్లాను. మూట బండి మీదే ఉంది, ఆవిడ మాత్రం మాట్లాడకుండా పక్కన నడిచింది.

మీవాడి దగ్గర మెస్సర్‌ష్మిట్ 109 బొమ్మ ఉండే ఉంటుంది. 1935లో మొదట ఎగిరిన ఆ ఫైటర్‌కు ట్యాంకు 400 లీటర్లే, పైలట్ సీటు వెనకా కిందా ఒదిగి ఉంటుంది. 1940 నాటి రకానికి కాగితం మీద రేంజ్ 660 కిలోమీటర్ల దాకా రాస్తారు. ఫ్రాన్స్ తీరం నుంచి లండన్ 150 చిల్లర. అయినా రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ బాంబర్లకు కాపలాగా వెళ్లినప్పుడు లండన్ మీద పది, ఇరవై నిమిషాలకు మించి నిలవలేకపోయేది. పైకెక్కడానికి కొంత, నిదానంగా వెళ్లే బాంబర్ల పక్కన చక్కర్లకు కొంత, పోరాటంలో ఇంజన్‌ను పూర్తిగా వాడితే ఇంకొంత. తిరిగొచ్చే పెట్రోల్ ముట్టుకోకూడదాయె!

అన్నట్టు, కాండర్‌ను డిజైన్ చేసిన కుర్ట్ టాంక్ తర్వాత మన ఊరొచ్చి విమానాలు తయారుచేసే హెచ్.ఏ.ఎల్.లో మారుత్ ఫైటర్‌కు రూపమిచ్చాడు. అది 1961లో ఎగిరింది. ఓ ఆదివారం హెచ్.ఏ.ఎల్. మ్యూజియంకు తీసుకెళ్లండి, మారుత్‌ను దగ్గర నుంచి చూస్తాడు.

ప్రశ్న: జర్మన్ ఎయిర్‌షిప్ (హైడ్రోజన్‌తో గాల్లో తేలే ఓడ) గ్రాఫ్ జెప్పెలిన్ ఇంజన్లు పెట్రోల్‌కు బదులు గ్యాస్‌తో నడిచేవట. ఎందుకు?
– ఒక విద్యార్థి, వైట్‌ఫీల్డ్

జవాబు: పెట్రోల్ కాలేకొద్దీ ఎయిర్‌షిప్ తేలికై పైకి లేస్తుంది. కిందికి తేవాలంటే హైడ్రోజన్ వదిలేయాలి, అది దండగ. అందుకని బ్లావ్ గ్యాస్ వాడారు. దాని బరువు దాదాపు గాలితో సమానం, కాలిన చోటును గాలి నింపితే బరువులో తేడా రాదు. 1929లో జర్మనీ నుంచి జపాన్‌కు ఆగకుండా 11,000 కిలోమీటర్ల పైన అలాగే వెళ్లింది. నాలుగు రోజుల పైనే పట్టిందనుకోండి.