ఉద్యోగ వీసా: నిర్ణయం ఎవరి చేతిలో ఉంటుంది?

విదేశీ ఉద్యోగాల గురించి విశాఖపట్నం, పరిసర ప్రాంతాల పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఎవరి పేర్లూ ప్రచురించడం లేదు.

ప్రశ్న: మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, పరవాడలోని ఒక పరిశ్రమలో మూడేళ్లుగా మెయింటెనెన్స్ విభాగంలో పనిచేస్తున్నాను. వయసు 26. ద్వారకానగర్‌లోని ఒక కన్సల్టెన్సీవారు మూడు లక్షలు కడితే ఆఫర్ లెటర్ లేకుండానే జర్మనీ వర్క్ వీసా ఇప్పిస్తామంటున్నారు. నమ్మవచ్చా?
— ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఆఫర్ లెటర్ లేకుండా జర్మనీ వెళ్లే మార్గం ఉన్నమాట నిజమే కానీ దానిని వర్క్ వీసా అనకూడదు. 2024 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఆ అనుమతిని ఆపర్చునిటీ కార్డ్ అంటారు. జర్మనీలో ఉంటూ ఉద్యోగం వెతుక్కోవడానికి అది ఒక సంవత్సరం గడువు ఇస్తుంది. ఆ ఏడాదిలో వారానికి 20 గంటల వరకు పార్ట్‌టైమ్ పని చేసుకోవచ్చు, ఒక్కో సంస్థలో రెండు వారాల పాటు ట్రయల్ మీద చేరి చూడవచ్చు, అంతే. పూర్తిస్థాయి ఉద్యోగం దొరికాక వేరే అనుమతికి మారవలసిందే.

దీనికి అర్హత ఉందో లేదో తేల్చుకోవడానికి మూడు లక్షలు అక్కరలేదు, ఒక సాయంత్రం కూర్చుంటే చాలు. ముందుగా ‘అనాబిన్’ అనే జర్మన్ ప్రభుత్వ డేటాబేస్‌లో మీ విశ్వవిద్యాలయం, మీ డిగ్రీ ఎలా నమోదై ఉన్నాయో చూడండి. రెండూ జర్మన్ ప్రమాణానికి సమానమని అక్కడే కనబడితే ఆ పేజీల ప్రింటు తీసి దాచుకోండి. అప్పుడు పాయింట్ల లెక్కతో పనే లేదు. అలా కాని పక్షంలో, మన దేశంలో గుర్తింపు ఉన్న డిగ్రీతోపాటు జర్మన్ భాషలో ఏ1 గాని ఇంగ్లిష్‌లో బీ2 గాని స్థాయి ఉండి (ఐరోపాలో భాషా పరిజ్ఞానాన్ని ఏ1 నుంచి సీ2 వరకు ఆరు మెట్లుగా కొలుస్తారు), మొత్తం 6 పాయింట్లు రావాలి. వయసు 35 దాటలేదు కనుక మీకు 2, గత ఐదేళ్లలో మీ చదువుకు సంబంధించిన రంగంలో రెండేళ్లకు మించిన అనుభవం ఉంది కనుక మరో 2, ఇంజినీర్లు కొరత ఉన్న వృత్తుల జాబితాలో ఉన్నారు కనుక 1, వెరసి 5. మిగిలిన ఒక్క పాయింటు ఇంగ్లిష్ సీ1 వల్ల గాని జర్మన్ ఏ2 వల్ల గాని వస్తుంది; జర్మన్ బీ1 అయితే 2 వస్తాయి.

అసలు భారం డబ్బు దగ్గర ఉంది. ఏడాది ఖర్చులకు సరిపడా మొత్తం, 2025 లెక్క ప్రకారం నెలకు 1,091 యూరోల చొప్పున 13,092 యూరోలు, బ్లాక్డ్ అకౌంట్‌లో చూపాలి. ఆ సొమ్ము మీదే, అక్కడికి వెళ్లాక నెలనెలా మీ చేతికే వస్తుంది. అయినా పన్నెండు పదమూడు లక్షలకు తగ్గని ఆ మొత్తాన్ని వడ్డీకి తెచ్చి వెళ్లి, ఏడాదిలో ఉద్యోగం దొరక్క తిరిగివస్తే ఏమిటన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం. మా అభిప్రాయం అడిగితే, ఇక్కడి ఉద్యోగం వదలకుండా జర్మన్ బీ1 వరకు చదివి, ఇక్కడినుంచే దరఖాస్తులు పెట్టమంటాము. ప్లాంటు మెయింటెనెన్స్ అంటే షిఫ్టులో పక్కవాడితో మాట్లాడవలసిన పని. సాఫ్ట్‌వేర్ వారికి సరిపోయినట్టు ఇంగ్లిష్ ఒక్కటే మీకు సరిపోదు. ఆఫర్ ముందే వచ్చి, కొరత వృత్తులకు నిర్ణయించిన వార్షిక వేతనం (2025లో సుమారు 43,760 యూరోలు) దాటితే నేరుగా ఈయూ బ్లూ కార్డుకే, అంటే డిగ్రీ చదివిన విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతికే వెళ్లవచ్చు. అది అన్నివిధాలా మేలైన దారి.

ప్రశ్న: ఈ సంవత్సరమే బీటెక్ పూర్తయింది, వయసు 22. బ్రిటన్‌లో రెండేళ్లు పనిచేసే వీసాకు లాటరీ తీస్తారట. యాభై వేలు ఇస్తే పేరు వచ్చేలా చూస్తామని తెలిసినవారి ద్వారా ఒకరు చెప్పారు.
— ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: ఇవ్వకండి. ఆ లాటరీలో పేరు నమోదు చేసుకోవడం పూర్తిగా ఉచితం, ఎంపిక కంప్యూటర్ యాదృచ్ఛికంగా చేస్తుంది, మధ్యవర్తి చేయగలిగింది ఏమీ లేదు. పేరు వస్తే తనవల్లే వచ్చిందని, రాకపోతే మళ్లీ చూద్దామని చెప్పడానికి మాత్రం ఇది చాలా అనువైన వ్యాపారం.

మీరు చెబుతున్నది ఇండియా యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్. 2023లో మొదలైంది. ఏటా 3,000 మందికి అవకాశం. 18 నుంచి 30 ఏళ్ల వయసు, డిగ్రీ లేదా అంతకు మించిన చదువు, 28 రోజులపాటు ఖాతాలో కదలకుండా ఉన్న 2,530 పౌండ్లు కావాలి. ఇప్పటివరకు ఫిబ్రవరిలోను, జూలైలోను రెండేసి రోజులు మాత్రమే నమోదుకు తెరుస్తూ వచ్చారు కాబట్టి బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌ను గమనిస్తూ ఉండాలి. ఎంపికైనాక వీసా రుసుముతోపాటు ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్ల చొప్పున రెండేళ్లకూ ముందే కట్టాలి. యజమాని స్పాన్సర్ చేయనక్కరలేదు, దాదాపు ఏ ఉద్యోగమైనా వెతుక్కోవచ్చు. గడువు పొడిగించరు, కుటుంబాన్ని వెంట తీసుకువెళ్లనివ్వరు.

ఇటువంటిదే ఆస్ట్రేలియాలోనూ ఉంది. ‘మేట్స్’ అని పిలిచే ఆ పథకంలోనూ ఏటా 3,000 స్థానాలు, రెండేళ్ల వీసా. అయితే పట్టా పొంది రెండేళ్లు దాటకూడదు, చదివిన విశ్వవిద్యాలయం మన కేంద్ర విద్యాశాఖ ప్రకటించే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో మొదటి వందలో ఉండాలి, చదువు ఇంజినీరింగ్, ఐటీ, పునరుత్పాదక ఇంధనం, గనులు, వ్యవసాయ సాంకేతికత వంటి రంగాలకు చెందినదై ఉండాలి. నమోదు రుసుము 25 ఆస్ట్రేలియన్ డాలర్లు. మీరు ఈ ఏడాదే పాసయ్యారు కనుక దీనికే ముందు ప్రయత్నించండి. బ్రిటన్‌కు ఇంకా చాలా ఏళ్ల వ్యవధి ఉంది, దీనికి లేదు.

ప్రశ్న: మా అబ్బాయి రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. హెచ్1బీ మీద ఇక ఆశ పెట్టుకోవచ్చా?
— ఒక తండ్రి, మర్రిపాలెం

జవాబు: అది అబ్బాయి దరఖాస్తు చేసుకునే వీసా కాదండి, అమెరికా కంపెనీ అతని కోసం చేయవలసినది. ఏటా ఇచ్చేవి 65,000, అమెరికాలో పీజీ చేసినవారికి అదనంగా 20,000. దేశం వెలుపల ఉన్నవారికోసం వేసే కొత్త పిటిషన్లకు 2025 సెప్టెంబరులో లక్ష డాలర్ల చెల్లింపు విధించాక, ఇక్కడున్న యువకుడి కోసం అంత ఖర్చు భరించే కంపెనీలు అరుదు. వేరే దేశం చూసుకోమనే చెబుతాము.

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ చేసి ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. పన్నెండు లక్షలకు బ్రిటన్ సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ (వీసాకోసం అక్కడి యజమాని ఇచ్చే పత్రం) ఇప్పిస్తామని, వృద్ధులను, రోగులను చూసుకునే కేర్ వర్కర్‌గా చేరి తరువాత నర్సుగా మారవచ్చని చెబుతున్నారు.
— ఒక పాఠకురాలు, మహారాణిపేట

జవాబు: 2025 జూలై 22 నుంచి విదేశాలనుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకోవడం బ్రిటన్ నిలిపివేసింది. అంటే మీకు చెబుతున్న దారి ఇప్పుడు లేనే లేదు. పైగా స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఖర్చు యజమానే భరించాలి, దానిని ఉద్యోగినుంచి వసూలు చేయడం అక్కడి నిబంధనలకు విరుద్ధం. లైసెన్సు ఉన్న స్పాన్సర్ల జాబితాను ఆ ప్రభుత్వం ఎవరైనా చూసుకునేలా పెట్టింది.

నర్సుగా వెళ్లే దారి మాత్రం తెరిచే ఉంది. ఐఈఎల్‌టీఎస్ లేదా ఓఈటీ అనే ఇంగ్లిష్ పరీక్ష, ఆపైన బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ కంప్యూటర్ పరీక్ష ఇక్కడే రాసి, ప్రాక్టికల్ పరీక్ష అక్కడ ఇస్తారు. జర్మనీ అయితే భాష బీ2 వరకు రావాలి, అందుకు ఏడాదికి తక్కువ పట్టదు.

ప్రశ్న: ఐటీఐ వెల్డర్‌ని. ముందు విజిట్ వీసా మీద దుబాయ్ వెళ్లమని, అక్కడ పర్మిట్ కొడతామని ఏజెంటు అంటున్నాడు.
— ఒక పాఠకుడు, పెదగంట్యాడ

జవాబు: ఆ ఒక్కమాట చాలు, అతని దగ్గరికి మళ్లీ వెళ్లకండి. 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా ఉదంతం కూడా ఇటువంటి మాటలతోనే మొదలైంది: సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి మన కుర్రాళ్లను కంబోడియాకు చేర్చి, నిర్బంధించి, వారిచేత సైబర్ మోసాలు చేయించారు.

విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ప్రతి ఏజెంటూ 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరై ఉండాలి. కేంద్ర విదేశాంగ శాఖ ‘ఈ-మైగ్రేట్’ పోర్టల్‌లో ఆ జాబితా ఉంటుంది. రిజిస్టరైన ఏజెంటు కూడా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి సేవారుసుము తీసుకోకూడదు, రసీదు ఇవ్వాలి. పదో తరగతి పాసైనవారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరం) ముద్ర ఉండదు కనుక ఎమిగ్రేషన్ క్లియరెన్స్ లేకుండానే విమానం ఎక్కనిస్తారు. అదే సౌకర్యాన్ని దొంగ ఏజెంట్లు వాడుకుంటారు. యజమాని పేరు, జీతం, డ్యూటీ గంటలు, వసతి రాసి ఉన్న కాంట్రాక్టు, ఎంప్లాయ్‌మెంట్ వీసా రెండూ చేతికి వచ్చాకే బయలుదేరండి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ కూడా విదేశాలకు నియామకాలు చేస్తుంది, అక్కడ వెల్డర్ పోస్టులు ఉన్నాయేమో విచారించండి. ఇప్పటికే ఆ ఏజెంటుకు అడ్వాన్సు ఇచ్చి ఉంటే, చెల్లింపు వివరాలు, వాట్సాప్ సంభాషణలు చెరిపేయకుండా పట్టుకుని పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. విదేశాంగ శాఖ టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090.