ఆన్‌లైన్ కిరాణా సంస్థ కొత్త నగరాలకు వస్తే నిజంగా ఉద్యోగాలు పెరుగుతాయా?

కొత్త నగరంలో అడుగుపెడుతున్న ఆన్‌లైన్ కిరాణా సంస్థ వేల ఉద్యోగాలు ఇస్తామంటోంది, నమ్మి చేరవచ్చా అని అడిగారు. అలాంటి సంస్థ గిడ్డంగిలో నేను మూడేళ్లు పనిచేశాను. గిడ్డంగి తెరిచిన వారంలోనే చేరాను.

ఉద్యోగాలు వచ్చే మాట నిజమే. దుకాణానికి వెళ్తే అరల్లో వెతకడం, ఏరడం, మోసుకెళ్లడం అంతా కొనేవారే చేసుకుంటారు. ఇక్కడ ఆ పనులన్నిటికీ జీతమిచ్చి మనిషిని పెట్టాలి. నా చేతికి స్కానర్ ఇచ్చారు. తెరపై అర నంబరు పడుతుంది, సరుకు తీసి స్కాన్ చేయగానే ఇంకో నంబరు. బరువైనవి సంచి అడుగున, పగిలేవి పైన. శీతల గదిలో మైనస్ 18 డిగ్రీలు. తొడుగులతో స్కానర్ మీట నొక్కడం కుదరక వాటిని తీసేస్తే, రెండు నిమిషాలకే వేళ్లు మొద్దుబారేవి. దీన్ని చదువురానివారి పని అని ఎవరైనా తీసిపారేస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

కానీ మొదటి నెలలో ఉన్న సంఖ్య నిలవదు. ఖాళీ అరలు నింపాలి, కొత్తవారికి పని అలవాటు కావాలి, అందుకని ఎక్కువమందిని తీసుకుంటారు. మా షిఫ్టులో 40 మందితో మొదలైంది, ఏడాది తిరిగేసరికి 26 మందిమి మిగిలాం. వెళ్లినవారిలో దాదాపు అందరూ కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవారే. రేపటి నుంచి రావద్దని సాయంత్రం ఫోనుకు సందేశం వచ్చింది, అంతే.

ఆర్డర్ల కంటే ముందు గిడ్డంగులు పరుగెత్తితే ఇంకా ప్రమాదం. అమెరికాలో వెబ్‌వాన్ అనే ఆన్‌లైన్ కిరాణా సంస్థ 1999లో డెలివరీలు మొదలుపెట్టిన ఏడాదే, లాభం కంటికి కనబడకముందే, 26 గిడ్డంగుల కోసం 100 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 2001 జూలైలో మూతపడి సుమారు 2,000 మంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. యంత్రాల సంగతి కూడా ఉంది. బ్రిటన్‌లో ఒకాడో అనే ఆన్‌లైన్ కిరాణా సంస్థ గిడ్డంగుల్లో సరుకు పెట్టెలను రోబోలే మనిషి దగ్గరికి తెస్తాయి. అలాంటి చోట అరల మధ్య తిరిగేవారి అవసరం తగ్గి, యంత్రాలు బాగుచేసేవారి అవసరం పెరుగుతుంది.

కాబట్టి చేరేముందు నియామక పత్రం ఎవరి పేరు మీద ఇస్తారో అడగండి. సంస్థదా, కాంట్రాక్టర్‌దా? నా పత్రం సంస్థ పేరు మీద ఉంది కనుకనే 14 నెలలకు షిఫ్టు సూపర్‌వైజర్‌ని కాగలిగాను. నాకంటే చురుగ్గా పనిచేసే స్నేహితుడికి ఆ అవకాశమే రాలేదు. వీలైతే ఆ సంస్థకు ఇప్పటికే నడుస్తున్న గిడ్డంగి దగ్గరికి షిఫ్టు మారే వేళకు వెళ్లండి. ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారని బయటికి వచ్చేవారిలో ఓ పదిమందిని అడగండి.