ఆ పిల్ల ‘అవ్వా’ అని పిలిచింది కదా

ప్రశ్న: మాది పల్నాడులో మిరప పండే ఊరు. మేం క్రైస్తవులం. ఏటా కోతలకు ఆదోని పక్క నుంచి కూలీలు పిల్లాజెల్లాతో వస్తారు. ఈసారి మా పక్క ఖాళీ స్థలంలోనే పట్టాలు కప్పుకుని దిగారు. ఒక సాయంత్రం ఓ పిల్లతల్లి మా గేటు దగ్గర ఏడుస్తూ నిలబడింది. కాయలు కోసీ కోసీ చేతులు మండిపోతున్నాయి. ఆ చేతులతో ఎత్తుకుంటే చంటిదాని ఒళ్లు మండి గుక్కపట్టి ఏడుస్తోంది. నూనె ఇచ్చి, బిడ్డకు నేనే స్నానం చేయించాను. అప్పట్నుంచి నీళ్లకు మా మోటారు దగ్గరికే వస్తున్నారు. మిగిలిన అన్నం, కూరలు ఇస్తున్నాను. నేను టైలరింగ్ షాపుకి వెళ్లొచ్చేదాకా చంటిది, దాని నాలుగేళ్ల అక్క మా వరండాలోనే ఉంటారు.

అత్తయ్యకిది నచ్చడం లేదు. ‘ముక్కూమొహం తెలియనివాళ్లను ఇంటిమీదికి తెస్తావా’ అని రోజూ గొడవ. పోయినేడు మా ఇత్తడి బిందె పోతే అదీ కోతవాళ్ల పనేనంటుంది. మొన్న ఆ పెద్దపిల్ల ‘అవ్వా’ అని పిలిస్తే మొహం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయింది. మా ఆయన ‘అమ్మతో ఎందుకు, మానెయ్’ అంటారు. సంఘ పెద్ద ఒకాయన ‘ఆదివారం మందిరానికి వస్తేనే పెట్టు, ఊరికే పెడితే సాక్ష్యం ఏముంది’ అన్నారు. మానేస్తే దేవుని ముందు తప్పు, మానకపోతే ఇంట్లో నరకం. ఏం చేయను?

జవాబు: అమ్మా, మానకండి. మీరు మానలేరని మీ ఉత్తరమే చెబుతోంది. ఇల్లు నలగకుండా ఎలా చేయాలో చూద్దాం.

ముందు సంఘ పెద్దగారి మాట. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. ఆ పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మం అడిగినవాళ్లను ఆగమన్నారు, గంజి కోసం కలిశారన్న మాట రాకూడదని. గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది ఆ తర్వాతే, 1878 జూలై 3న. పెద్దాయనతో వాదన పెట్టుకోకండి. ఈ కథ చెప్పమని అడగండి. నాకంటే బాగా చెబుతారేమో.

ఇక ఇంటి సంగతి. ‘వరండాలోనే ఉంటారు’ అని రాశారే, అక్కడ ఆగిపోయాను. మీరు షాపులో మిషను మీద ఉన్నప్పుడు ఆ చంటిది ఏడిస్తే లేచేదెవరు?

దొంగలు కొట్టి దారిలో పడేసిన పరాయి మనిషిని ఆదుకున్న మంచి సమరయుని కథ, బైబిల్లో యేసు చెప్పింది, మీకు కంఠతా వచ్చే ఉంటుంది. గాయాల మీద పోసిన నూనె, ద్రాక్షారసం ఆయనవే. ఎక్కించిన వాహనం ఆయనదే. పూటకూళ్లవాడి చేతిలో రెండు దేనారాలు, అంటే వెండి నాణేలు, పెట్టి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు. ఊరికే చూడమని అతని నెత్తిన పడేసి పోలేదు. మీ ఇంట్లో పూటకూళ్లవాడు మీ అత్తయ్య. ఆవిడ చేతిలో మీరింతవరకూ ఏమీ పెట్టలేదు, కనీసం ‘అత్తయ్యా, కాస్త చూస్తారా’ అన్న మాటైనా.

అందుకని నీళ్లకు పొద్దున గంట, సాయంత్రం గంట అని వాళ్ల మేస్త్రీతో చెప్పండి. కరెంటు బిల్లు ఎంత పెరిగితే అంత మీ కుట్టుకూలిలోంచి, అత్తయ్యకు తెలిసేలా కట్టండి. మీ ఆయనకు ఈ లెక్క చెబితే చాలు, అమ్మకూ మీకూ మధ్య తీర్పు చెప్పమనకండి. నాలుగేళ్లదాన్ని అంగన్‌వాడీకి మీరే వెంటపెట్టుకుని తీసుకెళ్లండి. వలస వచ్చినవాళ్ల పిల్లలనీ చేర్చుకోవాలి, కాకపోతే తెలిసినవాళ్లు ఒకరు వెంట ఉంటే పని సులువు. వాళ్ల రేషన్ కార్డు మీద మీ ఊళ్లోనే బియ్యం తీసుకోవచ్చని కూడా చెప్పండి, చాలామంది కార్డు ఊళ్లో వదిలేసి వస్తారు. చంటిదాన్ని మాత్రం అత్తయ్య సరేనంటేనే ఉంచుకోండి. చేలో ఆ ఘాటులో బిడ్డకు ఎంత కష్టమో నాకు తెలుసు, అందుకే ఆవిడతో మాట్లాడటం రేపటికి పెట్టుకోకండి.

ఒకటి చెబుతాను, కోప్పడకండి. మోషే ధర్మశాస్త్రంలో బీదలకూ పరదేశులకూ పరిగె వదలమన్నారు. పరిగె అంటే మనం తిన్నాక గిన్నెలో మిగిలింది కాదు, మన చేలోనే మనం ఏరుకోకుండా విడిచింది. రోజూ ఇచ్చే మిగులు కూర కంటే వారానికి ఒక్కపూట వాళ్ల కోసమని పొయ్యి మీద పెట్టింది నయం.

పోయిన బిందె ఎవరు తీశారో మీకూ తెలియదు, ఆవిడకూ తెలియదు. అలాగని ‘మీకన్నీ అనుమానాలే’ అనేయకండి. అది ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న బిందేమో, ఎప్పుడైనా అడిగారా?

ఆఖరికి ఆ ‘అవ్వా’ సంగతి. కర్నూలు వైపు నానమ్మనైనా అమ్మమ్మనైనా అలాగే పిలుస్తారు. అత్తయ్య మొహం తిప్పుకుందని రాశారు, తిట్టిందని రాయలేదు. రోజూ గొడవపడే మనిషి ఆ పూట ఏమీ అనలేదు. ఈ రాత్రి అన్నాలయ్యాక బిల్లు గురించీ, బైబిలు గురించీ మొదలుపెట్టకండి. ఆ చంటిదానికి ఉగ్గు ఎన్నో నెల నుంచి పెట్టాలో, ఎంత పలచగా కాచాలో అడగండి. మీ ఆయన్ని పెంచిన చెయ్యి, ఆవిడకు తెలుసు.