బేగంపేట రైల్వే స్టేషన్ ఎప్పటిది? అక్కడ ఏ రైళ్లు దొరుకుతాయి?

ఈ స్టేషన్ ఉన్న సికింద్రాబాద్–వాడి లైను 1874లో మొదలైంది. బొంబాయి–మద్రాసు ప్రధాన మార్గంతో కలవడానికి నిజాం రాజ్యం వేయించిన లైను అది. 2003 ఆగస్టులో హైదరాబాద్ నగర లోకల్ రైళ్లు, అంటే ఎంఎంటీఎస్, వచ్చాక బేగంపేట రోజూ ఆఫీసులకు వెళ్లేవాళ్ల స్టేషన్ అయింది.

దీని అసలు బలం ఉన్న చోటే. సికింద్రాబాద్ నుంచి జేమ్స్ స్ట్రీట్ మీదుగా వచ్చే లైను, నాంపల్లి నుంచి నెక్లెస్ రోడ్ మీదుగా వచ్చే లైను ఇక్కడికి వచ్చేసరికి ఒకటవుతాయి. అందుకే లింగంపల్లి వైపు వెళ్లేవాళ్లు రెండు దారుల్లో ఏ బండి వచ్చినా ఎక్కేయొచ్చు. తిరుగు ప్రయాణంలో మాత్రం బోర్డు చూసి ఎక్కండి. తొందరలో నాంపల్లి బండెక్కితే సికింద్రాబాద్ రాదు! కొన్ని ఎక్స్‌ప్రెస్‌లూ ఆగుతాయి. 2025 మే 22న అమృత్ భారత్ పథకం కింద కొత్త హంగులతో మళ్లీ ప్రారంభమైంది.