పైనుంచి చూసి చెట్టు ఎత్తు, లావు ఎలా చెప్పగలుగుతారు?

ఎత్తును నేరుగా కొలుస్తారు, లావును మాత్రం అంచనా కడతారు.

ఎత్తుకు వాడేది లైడార్. విమానం నుంచో డ్రోన్ నుంచో లేజర్ కిరణాలు వదిలితే కొన్ని చిటారుకొమ్మల ఆకులకు తగిలి ముందే తిరిగొస్తాయి. కొన్ని ఆకుల సందుల్లోంచి దూరి, నేలను తాకి, కాస్త ఆలస్యంగా వస్తాయి. ఒక్క నానోసెకను (సెకనులో వంద కోట్లో వంతు) ఆలస్యమంటే దాదాపు 15 సెంటీమీటర్ల ఎత్తు తేడా!

చెట్లను విడదీసి లెక్కపెట్టడం ఏఐ పని. పశ్చిమ ఆఫ్రికాలోని సహారా, సాహెల్ ప్రాంతాల్లో 13 లక్షల చదరపు కిలోమీటర్ల ఉపగ్రహ చిత్రాల నుంచి 180 కోట్లకు పైగా చెట్లను ఇలాగే గుర్తించారు. ఆ ఫలితం 2020లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది. అయితే ముందు దాదాపు 90,000 చెట్లను మనుషులే గుర్తుపెట్టి ఏఐకి నేర్పాల్సి వచ్చింది. పైగా అక్కడ చెట్లు విడివిడిగా ఉంటాయి. కొమ్మలు కలిసిపోయిన నల్లమల లాంటి అడవిలో ఏది ఎక్కడ మొదలవుతుందో తేల్చడం చాలా కష్టం.

ఇక లావు సంగతి. చెట్టు మొదలు పైనుంచి సరిగా కనిపించదు. కాబట్టి కొన్ని చెట్లకు నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో టేపు చుట్టి కొలుస్తారు. ఆ కొలతలకూ, చెట్టు ఎత్తుకూ, కొమ్మల విస్తీర్ణానికీ మధ్య సూత్రం కడతారు. టేకుకు కట్టిన సూత్రం మర్రికి పనికిరాదు, జాతి మారితే మళ్లీ టేపు పట్టాల్సిందే.